ఎవరి కంటికి కనబడాలి? సైట్‌లో రేడియం జాకెట్ ఎంపిక, సంరక్షణ

(హైదరాబాద్‌లో సైట్ సేఫ్టీ సిబ్బంది, స్టోర్ ఇన్‌చార్జులు, లేబర్ కాంట్రాక్టర్ల కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. స్టోర్ల నుంచి వచ్చినవాళ్లని ముందు వరసలో కూర్చోమన్నాం. ఈ రోజు మాట్లాడేదాంట్లో సగానికి పైగా మీ చేతుల్లో ఉండే పని. సేఫ్టీ ఆఫీసరు గేటు దగ్గర ఎంత అరిచి చెప్పినా, చివరికి కూలీ ఒంటిమీదికి ఎక్కేది మీరు కొన్న జాకెటే.

ఈ బల్ల మీద రెండు జాకెట్లు పెట్టాను. రెండూ చిలకపచ్చ కలిసిన పసుపే. రెండింటికీ వెండి రంగు టేపు ఉంది. ఒకటి రాణిగంజ్‌లో వంద రూపాయల లోపు దొరికే నెట్ జాకెట్. గుడ్డ 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 60 గ్రాముల బరువు. టేపు వెడల్పు ఒక అంగుళం. రెండోది 120 జీఎస్ఎం గుడ్డ, రెండు అంగుళాల టేపు, మెడ దగ్గర లేబుల్. ట్యూబులైటు కింద మీ కుర్చీల్లోంచి చూస్తే పెద్ద తేడా కనబడదు. ఇలాంటి వెలుతురులో కౌంటర్ ముందు నిలబడి చూసి కొంటున్నాం కాబట్టే తప్పు జాకెట్ సైట్‌కి వస్తోంది.

ఒకసారి లైట్లు ఆర్పించండి బాబూ. ఇప్పుడు ఈ టార్చ్‌ని నడుం దగ్గర పట్టుకుని జాకెట్ల మీద వేస్తున్నాను. టేపు కొద్దిగా మెరుస్తోంది, అంతే. అదే టార్చ్‌ని కణత పక్కకి, కంటి ఎత్తుకి తెస్తున్నాను. నాకు ఇప్పుడు టేపు భగ్గున వెలిగింది. మీలో పక్క వరసల్లో ఉన్నవాళ్లకి మాత్రం వెలగలేదు కదా? ఇది గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు. టేపు తన మీద పడ్డ వెలుగుని అన్ని దిక్కులకీ చల్లదు. వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఆ దీపానికి దగ్గరగా ఉన్న కంటికే అది కనబడుతుంది. లైట్లు వేయండి.

టేపులో ఉండేవి చిన్నచిన్న గాజు పూసలు. ఒక్కోటి ఇంచుమించు వెంట్రుక మందం. వాటి వెనక పల్చటి అల్యూమినియం పూత ఉంటుంది. వెలుగు పూసలోంచి వెళ్లి, ఆ పూతకి తగిలి, మళ్లీ పూసలోంచే వెనక్కి వస్తుంది. ఇంకో రకం టేపులో పూసల బదులు సన్నటి ప్రిజమ్‌లు ఉంటాయి. గాజు పూసల టేపు తడిస్తే మెరుపు తగ్గుతుంది, ఆరితే తిరిగి వస్తుంది. ప్రిజమ్ టేపు వానలో మెరుగ్గా నిలుస్తుంది, కాకపోతే ప్లాస్టిక్ పొర కాబట్టి బిరుసుగా ఉంటుంది, మడతల దగ్గర చిట్లుతుంది.

ఇక గుడ్డ రంగు సంగతి. ఈ ఫ్లోరోసెంట్ రంగు మామూలు పసుపు కాదు. ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాల్నీ, నీలి వెలుగునీ పీల్చుకుని పసుపుపచ్చ వెలుగుగా బయటికి వదులుతుంది. అందుకే తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు, పొద్దు గూకే వేళ కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చీకటి పడ్డాక ఆ శక్తి పోతుంది. పాత సోడియం దీపాల కింద దాదాపు ఉండదు. మూడో బేస్‌మెంట్‌లో పట్టపగలు కూడా బాగా తగ్గుతుంది. కాబట్టి పగలు పనిచేసేది గుడ్డ, రాత్రి పనిచేసేది టేపు. ఒకదాని పని ఇంకోటి చేయదు.

ఇప్పుడు మీ సైట్‌కి రండి. కోకాపేటలోనో నానక్‌రామ్‌గూడలోనో పెద్ద టవర్ కడుతున్నారు. మట్టి టిప్పర్ రివర్స్‌లో వస్తోంది. దాని హెడ్‌లైట్లు ముందుకి ఉన్నాయి, మనిషి వెనక ఉన్నాడు. వెనక పడేది రివర్స్ లైటు ఒక్కటే, అది మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. డ్రైవర్ చూసేది అద్దంలో. ఈ సమయంలో టేపు ఎంత ఖరీదైనదైనా చేసేది చాలా తక్కువ. పగలైతే గుడ్డ రంగు కాపాడాలి, రాత్రయితే అక్కడ ఫ్లడ్‌లైటు ఉండాలి. ఆ ఫ్లడ్‌లైటు వెలుగు కూడా టేపు నుంచి డ్రైవర్ కంటికి రాదు, స్తంభం పైకే తిరిగి పోతుంది. డ్రైవర్‌కి కనబడేది మళ్లీ గుడ్డే. అది మాసి, వెలిసి గోధుమరంగుకి తిరిగి ఉంటే మట్టిలో కలిసిపోతుంది.

ఇంకో విషయం. కారు డ్రైవర్ కన్ను హెడ్‌లైటుకి అర మీటరు పైన ఉంటుంది. టిప్పర్‌లోనూ, కలిపిన కాంక్రీటు తెచ్చే ఆర్‌ఎంసీ బండిలోనూ డ్రైవర్ కన్ను దీపాలకి మీటరుకి పైగా ఎత్తులో ఉంటుంది. దూరం ఒకటే అయినా, తిరిగి వచ్చే వెలుగుకీ లారీ డ్రైవర్ కంటికీ మధ్య కోణం ఎక్కువ. అదే జాకెట్ కారువాడికి తెల్లగా మండుతుంటే లారీవాడికి మసగ్గా కనబడుతుంది. మన సైట్లలో తిరిగేవి ఎక్కువగా లారీలే. పైగా పగటిపూట భారీ వాహనాలకి నగరంలో ఆంక్షలు ఉంటాయి కాబట్టి మట్టి తోలడం, కాంక్రీటు పోయడం రాత్రికి మారుతుంది. అందుకే టేపు దగ్గర రూపాయి మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

సరే, ప్రమాణాలు. మన దేశంలో దీనికి ఐఎస్ 15809 ఉంది. బయట దేశాల కంపెనీలతో పనిచేసేవాళ్లు ఐఎస్ఓ 20471 అడుగుతారు, అమెరికా వాళ్లయితే ఏఎన్ఎస్ఐ/ఐఎస్ఈఏ 107 అంటారు. కొలతలకి ఐఎస్ఓ అంకెలు చెబుతాను, రాసుకోండి. అందులో జాకెట్లు మూడు క్లాసులు, అంకె పెరిగేకొద్దీ గుడ్డా టేపూ ఎక్కువ ఉండాలి. క్లాస్ 1కి ఫ్లోరోసెంట్ గుడ్డ 0.14 చదరపు మీటర్లు, టేపు 0.10. క్లాస్ 2కి గుడ్డ 0.50, టేపు 0.13. క్లాస్ 3కి గుడ్డ 0.80, టేపు 0.20. టేపు వెడల్పు ఎక్కడైనా 50 మిల్లీమీటర్లకి తగ్గకూడదు.

ఈ చదరపు మీటర్లతో స్టోర్‌లో ఏం చేస్తాం అనకండి. మీ జేబులో టేప్ కొలత ఉంటుంది కదా, అది చాలు. 50 మిల్లీమీటర్ల వెడల్పు టేపు అయితే క్లాస్ 2కి మొత్తం పొడవు 2.6 మీటర్లు ఉండాలి. క్లాస్ 1కి 2 మీటర్లు, క్లాస్ 3కి 4 మీటర్లు. జాకెట్ పరిచి, నడుం చుట్టూ, భుజాల మీదుగా టేపు పొడవు కొలిచి కూడండి. ఛాతీ చుట్టూ రెండు పట్టీలు, భుజాల మీదుగా రెండు పట్టీలు ఉన్న ఎల్ సైజు జాకెట్‌లో దాదాపు 3.9 మీటర్లు వస్తుంది. ఒకే పట్టీ, భుజాల పట్టీలు ఉన్నదైతే ఎల్ సైజులో 2.7 వస్తుంది, గట్టెక్కుతుంది. అదే మోడల్ స్మాల్ సైజులో 2.3కి పడిపోతుంది. కాబట్టి శాంపిల్‌గా మీకిచ్చిన ఎల్ సైజుని కొలిచి సంతకం పెట్టకండి. ఆర్డర్‌లో ఉన్న అన్నిటికన్నా చిన్న సైజు తెప్పించుకుని కొలవండి.

ఒక అంగుళం టేపు అంటే 25 మిల్లీమీటర్లు. దాన్ని ఎంత పొడవు కుట్టినా లెక్కలోకి రాదు. ఆ జాకెట్ పార్కింగ్ కుర్రాడికి పనికొస్తుందేమో గానీ, బండ్లు తిరిగే సైట్‌కి కాదు.

పట్టీ ఎక్కడ ఉందో కూడా చూడండి. కింది పట్టీ అంచు నుంచి కనీసం 50 మిల్లీమీటర్లు పైకి ఉండాలి. రెండు పట్టీల మధ్య కనీసం 50 ఖాళీ ఉండాలి. ముందు జిప్పు లేదా వెల్‌క్రో దగ్గర టేపు తెగేచోట ఎడం 50కి మించకూడదు. పట్టీ ఒంటి చుట్టూ పూర్తిగా తిరగాలి. వెనక మాత్రం పెద్ద ఎక్స్ వేసి, ముందు రెండు చిన్న ముక్కలు అతికించి, పక్కలకి ఏమీ లేని జాకెట్లు బోలెడు అమ్ముతున్నారు. పక్క నుంచి వచ్చే బండికి ఆ మనిషి లేనట్టే.

గుడ్డ లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. టేపు కింద పోయిన గుడ్డ లెక్కలోకి రాదు, కంపెనీ పేరు అచ్చువేసిన చోటు రాదు, జేబు మీద పెట్టిన నల్లటి ఫ్లాప్ రాదు. 65 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న జాకెట్ తీసుకుందాం. ముందూ వెనకా కలిపి 0.78 చదరపు మీటర్లు. అందులోంచి 3.9 మీటర్ల టేపు తీసేస్తే 0.585. ఇప్పుడు వీపు మీద 30 అడ్డం, 25 నిలువు పెద్ద పెట్టెలా కంపెనీ పేరు వేయించారనుకోండి, ఇంకో 0.075 పోయి 0.51 అయింది. మెడ, చంకల కోతలు తీసేస్తే క్లాస్ 2 గీత కిందికి జారిపోతుంది. పేరు వేయించుకోండి, వద్దనను. ఛాతీ మీద అరచేయంత వేయించండి. టేపు మీద మాత్రం ఎప్పుడూ వద్దు.

ఏ క్లాస్ ఎక్కడ? వాహనాలు గంటకి 30 కిలోమీటర్ల లోపు కదిలే చోట క్లాస్ 1, 60 వరకు క్లాస్ 2, అది దాటితే క్లాస్ 3. సైట్ లోపల 30 దాటదు కదా, క్లాస్ 1 చాలు అని అడుగుతారు. లారీలు వెనక్కి తిరిగే సైట్‌లో క్లాస్ 2 కంటే కిందికి దిగవద్దని నా సలహా. లోపల మనుషులకీ బండ్లకీ మధ్య దూరం అడుగుల్లో ఉంటుంది. క్లాస్ 1 గుడ్డ ఒక పెద్ద తువ్వాలులో నాలుగో వంతు కూడా ఉండదు.

క్లాస్ 3 గురించి ఒక మాట. చేతులు లేని జాకెట్ ఒక్కటే వేసుకుంటే ఎప్పటికీ క్లాస్ 3 కాదు. చేతుల మీదో కాళ్ల మీదో పట్టీలు ఉండాలి. ఫుల్ హ్యాండ్స్ కోటు గానీ, క్లాస్ 2 జాకెట్‌కి జతగా పరీక్ష చేసిన టేపు ప్యాంటు గానీ కావాలి. “క్లాస్ 3 వెస్ట్” అని ఎవరైనా కొటేషన్ పంపితే ఆ కాగితం పక్కన పెట్టేయండి. కాళ్లకీ చేతులకీ పట్టీ ఎందుకంటే, కదిలే అవయవాల మీద మెరుపు కదిలితే డ్రైవర్‌కి అది డ్రమ్మో బోర్డో కాదు, మనిషి అని చప్పున తెలుస్తుంది. వంగి పనిచేసేవాడి నడుం పట్టీ కనబడకపోయినా చేతిది కనబడుతుంది.

అవుటర్ రింగ్ రోడ్డు మీద పనిచేసే వాళ్లు ఇక్కడ ఉన్నారు. అక్కడ గరిష్ఠ వేగం గంటకి 120. అంటే సెకనుకి 33 మీటర్లు. డ్రైవర్ చూసి, తెలుసుకుని, కాలు బ్రేకు మీద పెట్టడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో 2.5 సెకన్లు. అప్పటికే బండి 83 మీటర్లు వచ్చేసింది. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాత. అదే సంస్థ లెక్కలో బండి ఆగడానికి కావాల్సిన చూపు దూరం 60 వేగానికి 80 మీటర్లు, 80కి 120 మీటర్లు, 100కి 180 మీటర్లు. జాకెట్ ఆ దూరం నుంచే కనబడాలి. అక్కడ క్లాస్ 3 తప్ప ఇంకో మాట లేదు. దానికి ముందు అదే సంస్థ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్‌పీ 55లో చెప్పినట్టు కోన్లు, బోర్డులు, దారి మెల్లగా సన్నబడే లైన్, ఫ్లాగ్‌మన్ ఉండాలి. జాకెట్ బండిని ఆపదు. ఆపే అవకాశం డ్రైవర్‌కి ఇస్తుంది.

రంగు ఎంపికలో వాదనలు చాలా జరుగుతాయి. ప్రమాణం ఒప్పుకునేవి మూడే: ఫ్లోరోసెంట్ పసుపు, నారింజ కలిసిన ఎరుపు, ఎరుపు. ఇంజనీర్లకి నేవీ బ్లూ, ఎలక్ట్రీషియన్లకి ఆకుపచ్చ, సూపర్‌వైజర్లకి నలుపు అని జాకెట్లతో హోదాలు పంచే అలవాటు మన సైట్లలో ఉంది. ఆ నీలం జాకెట్‌కి టేపు ఉన్నా పగలు అది మామూలు గుడ్డే. అందరికన్నా ఎక్కువగా సైట్‌లో అటూ ఇటూ తిరిగే ఇంజనీరు పగలంతా కనబడకుండా తిరుగుతున్నాడన్నమాట. హోదా చెప్పాలంటే హెల్మెట్ రంగు మార్చండి. పసుపా, నారింజా అంటే వెనక ఏముందో చూసి తేల్చండి. పసుపు జేసీబీలు, పసుపు క్రేన్లు వరసగా ఉన్న చోట నారింజ తేలుతుంది. నారింజ కోన్లు, నారింజ బారికేడ్లు పరిచిన రోడ్డు పనిలో పసుపు తేలుతుంది. తవ్విన ఎర్రమట్టి ముందు కూడా పసుపే నయం.

లేబుల్ చదవడం ఇంకా ముఖ్యం. జాకెట్ బొమ్మ, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె క్లాస్. కింద తయారీదారు పేరు, సైజు, ఉతికే గుర్తులు, ఎన్ని ఉతుకుల వరకు పరీక్ష చేశారో ఆ సంఖ్య ఉంటాయి. ఐఎస్ఐ ముద్ర ఉంటే దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉండాలి. ఫోన్‌లో ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. ఎవరి పేరు మీద ఉంది, ఏ ప్రమాణానికి ఇచ్చారు, ఇంకా చెల్లుబాటులో ఉందా, మూడూ చూడాలి. హెల్మెట్‌కి వచ్చిన లైసెన్స్ నంబరు జాకెట్ మీద వేసినా ముద్ర ముద్రలాగే కనబడుతుంది మరి. ఐఎస్ఓ అని చెప్పే సరుకుకి ల్యాబ్ పరీక్ష నివేదిక అడగండి. అందులో గుడ్డకీ టేపుకీ విడివిడిగా ఫలితాలు ఉండాలి. కొత్త టేపు మెరుపుకి 12 నిమిషాల కోణంలో, అంటే డిగ్రీలో ఐదో వంతు కోణంలో, 330 క్యాండెలా అనే కనీస అంకె ఉందేమో చూడండి. ఆర్డర్‌లో “రేడియం జాకెట్ మంచి క్వాలిటీ, 500 పీసులు” అని రాస్తే మీకు దేన్నీ తిరస్కరించే హక్కు ఉండదు. ప్రమాణం నంబరు, క్లాస్, టేపు వెడల్పు, గుడ్డ జీఎస్ఎం, ఉతుకుల సంఖ్య, సైజుల వారీ లెక్క రాయండి.

నెట్ జాకెట్ గురించి అందరూ అడుగుతారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ 40 దాటితే మూసిన పాలిస్టర్ వేసుకోమనడం కష్టమే. వేడికి విప్పేసి రాడ్ల మీద ఆరేసిన జాకెట్ ఎవర్నీ కాపాడదు కాబట్టి, గాలాడే గుడ్డ అడగడం న్యాయమే. సన్నటి రంధ్రాల అల్లిక ఉన్న మెష్‌లో ప్రమాణం పాసైనవి దొరుకుతాయి, అవి తీసుకోండి. దోమతెరలా పెద్ద కన్నాలున్నది వద్దు. దాని కన్నాల్లోంచి కనబడేది లోపలి చొక్కా రంగు. పైగా ఇనుప రాడ్లు వంచి కట్టే బార్ బెండింగ్ ముఠాలో బైండింగ్ వైరు కొస దానికి తగులుకుని చీలుస్తుంది. తిరిగే యంత్రాల దగ్గర, కన్వేయర్ దగ్గర భుజాలూ పక్కలూ వెల్‌క్రోతో ఉండి, లాగితే ఊడివచ్చే రకం ఇవ్వాలి. అక్కడ గట్టి జిప్పు ఉన్న జాకెట్ మనిషినే లోపలికి లాగుతుంది.

వెల్డింగ్, గ్యాస్ కటింగ్ వాళ్లకి ఈ మామూలు పాలిస్టర్ అసలు వేయకండి. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. వాళ్లకి మంటని అడ్డుకునే గుడ్డతో చేసిన హై విజిబిలిటీ జాకెట్లు వేరే ఉంటాయి. ఖరీదు ఎక్కువే. వెల్డర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి, వాళ్లవరకు కొనండి.

ఇక ఒంటి మీద ఎలా ఉంటుందో చూడండి. జాకెట్ వేసి దాని మీద హార్నెస్, అంటే ఎత్తులో పనిచేసేవాళ్లు పడిపోకుండా కట్టుకునే బెల్టు, బిగిస్తే సగం టేపు పట్టీల కింద పోతుంది. వెనక తాడు తగిలించే డీ రింగు బయటికి వచ్చేలా కోత ఉన్న జాకెట్ తెప్పించి హార్నెస్ మీద వేయించండి. కోత లేదని స్టోర్‌లో కత్తెరతో కోయకండి, రింగు అటూ ఇటూ లాగి చింపేస్తుంది. ఆడవాళ్లు చీర మీద జాకెట్ వేసుకుని, కొంగు పైనుంచి తెచ్చి నడుంలో దోపుకుంటారు. ముందు పట్టీ మొత్తం కొంగు కిందే ఉంటుంది. వాళ్లకి కావాల్సింది కొంగు లోపలికి పోయేలా, ముందు బొత్తాలు ఉన్న, పొడవు చేతుల కోటు. పొద్దున్నే రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికుల విషయంలో ఇది ప్రాణం మీది సంగతి. చీకట్లోనే పనిలోకి దిగుతారు, వంగే ఉంటారు, వీపే బండ్లకి ఎదురుగా ఉంటుంది. వాళ్ల జాకెట్ వీపు మీద గానీ చేతుల మీద గానీ రాజీ పడకూడదు.

వానాకాలంలో జాకెట్ మీద నల్ల రెయిన్‌కోటు వేసుకుంటే జాకెట్ ఇచ్చిన ఖర్చు వృథా. రెయిన్‌కోటే ఫ్లోరోసెంట్ రంగులో, టేపుతో కొనండి. సైజులు కూడా మూడు నాలుగు పెట్టండి. ఫ్రీ సైజు అని ఒకటే ఇస్తే సన్నటివాడికి భుజం జారి పట్టీ మోకాళ్ల దాకా వేలాడుతుంది, లావుపాటివాడికి జిప్పు పడదు. జిప్పు తెరిచి వేసుకున్న జాకెట్‌కి ముందు వైపు లేనట్టే లెక్క.

ఇప్పుడు ఉతకడం. మంచి జాకెట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. లేబర్ క్యాంపులో ఏం జరుగుతుంది? బకెట్లో సబ్బు పొడి వేసి రాత్రంతా నానబెడతారు. పొద్దున బండ మీద వేసి బాదుతారు, టేపు మీద నల్ల మరక కనబడితే ప్లాస్టిక్ బ్రష్షుతో తోముతారు. బ్రష్షు గాజు పూసల్ని రాల్చేస్తుంది. బాదితే పూత చిట్లుతుంది. క్షారం వెనకున్న అల్యూమినియంని తినేస్తుంది. పచ్చి సిమెంటు కూడా అదే చేస్తుంది, దాని పీహెచ్ 12కి పైనే, అంటే గట్టి క్షారమే. కాంక్రీటు పోసే ముఠా టేపు బూడిదరంగుకి తిరగడం మాసిపోవడం వల్లే కాదు, పూత కరిగిపోవడం వల్ల కూడా. అందుకే సిమెంటు పడ్డ రోజు పడ్డట్టే, ఎండిపోకముందే, మంచి నీళ్లతో కడిగేయాలి. తెల్లారి చూద్దాం అంటే కుదరదు.

ఉతికే పద్ధతి: తిరగేసి, జిప్పు మూసి, 40 డిగ్రీలు మించని నీళ్లలో తేలికపాటి సబ్బుతో, చేత్తో మెల్లగా పిసకాలి. మిషన్ అయితే నెమ్మది సైకిల్, సగం నిండితే చాలు. బ్లీచింగ్ పౌడర్, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, కిరోసిన్, థిన్నర్ ముట్టించవద్దు. టేపుని తడిగుడ్డతో ఒకే దిశలో తుడవాలి. రెండుసార్లు జాడించాలి. మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ, అది టేపు మీద తెల్లటి పొరలా ఉండిపోతుంది. పిండకుండా నీడలో వేలాడదీయాలి. ఎండలో ఆరేస్తే గంటలో ఆరుతుంది నిజమే, కానీ ఫ్లోరోసెంట్ రంగుకి ఎండే శత్రువు. డ్యూటీలో ఎలాగూ తప్పదు, ఆరేటప్పుడైనా తప్పిద్దాం. టిప్పర్ డాష్‌బోర్డు మీద పడేసిన జాకెట్ వేసుకోకుండానే వెలిసిపోతుంది. స్టోర్‌లో కూడా చీకటి బీరువాలో పెట్టండి, రేకుల షెడ్డులో కిటికీ పక్కన కాదు. ఇస్త్రీ టేపు మీద పెట్టకూడదు.

లేబుల్ మీద 25 ఉతుకులు అని ఉంటే, వారానికి ఒక ఉతుకు చొప్పున ఆరు నెలలు. వారానికి రెండు అయితే మూడు నెలలు. సంఖ్య ఏమీ రాయకపోతే 5 ఉతుకులకి మించి నమ్మకండి. లెక్క ఎలా పెట్టాలంటే, లోపలి లేబుల్ పక్కన చెరగని మార్కర్‌తో ఉతుకుకి ఒక చుక్క పెట్టించండి. ఇచ్చిన నెల, సంవత్సరం కూడా అక్కడే రాయండి. ఏఎన్ఎస్ఐ 107 వెంట ఇచ్చే మార్గదర్శనంలో రోజూ వేసుకునే జాకెట్‌కి సుమారు 6 నెలల ఆయుష్షు చెబుతారు. మన ఎండకీ దుమ్ముకీ అది పై హద్దు అనుకోండి. మనిషికి రెండు ఇవ్వాలి, ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో. దాని మీద పది శాతం అదనం ఉంచండి. 200 మంది ఉంటే 440. ఒక్కటే ఇచ్చి “శుభ్రంగా ఉంచుకో” అంటే ఉతికిన రోజు వాడు దేంతో పనిలోకి దిగాలి?

తనిఖీకి యంత్రాలేం అక్కర్లేదు. ప్రతి లాట్‌లో ఒక కొత్త జాకెట్ తీసి, తేదీ రాసి, చీకటి బీరువాలో దాచండి. నెలకొకసారి వాడిన జాకెట్‌ని దాని పక్కన పెట్టి పగటి నీడలో చూడండి. రంగు పాలిపోయిందా, గోధుమకి తిరిగిందా పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. విడిగా చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది. తర్వాత చీకటి గదిలో రెండింటినీ ఒకే ఎత్తులో తగిలించి, 5 మీటర్లు వెనక్కి వెళ్లి, ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీయండి. ఫోన్‌లో ఫ్లాష్‌కీ లెన్స్‌కీ మధ్య ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఆ దూరంలో ల్యాబ్ వాడే కోణానికి దగ్గరగానే వస్తుంది. ల్యాబ్ పరీక్షకి ఇది బదులు కాదు, కానీ పోయిన టేపుని పట్టిస్తుంది. కొత్తది తెల్లగా మండుతూ, పాతది మచ్చలు మచ్చలుగా, నల్ల చారలతో వస్తే దాని పని అయిపోయింది. కుట్టు ఊడి టేపు వేలాడినా, బిటుమెన్ (తారు) గానీ పెయింట్ గానీ అంటినా, గుడ్డ చిరిగినా మార్చేయడమే.

ప్రశ్నలు ఉన్నట్టున్నాయి, అడగండి.

(టేపు పోయిన జాకెట్లకి బయట టేపు రోల్ కొని టైలర్ చేత కుట్టిస్తే ఏమవుతుందని ఒక కాంట్రాక్టర్ అడిగారు.)

టేపు పోయేసరికి గుడ్డ రంగు కూడా పోయి ఉంటుంది అన్నా. మీరు కొత్త టేపు వేసేది చచ్చిన గుడ్డ మీద. రోల్స్‌లో అమ్మేదాంట్లో చాలావరకు బండ్లకి అతికించే రకం, ఉతుకుకి ఆగదు. పైగా పరీక్ష చేసింది మొత్తం జాకెట్‌కి కాబట్టి, మీరు సూది పెట్టిన రోజు నుంచి ఆ సర్టిఫికెట్ దానికి వర్తించదు.

(జాకెట్ వేసుకున్న మనిషి కూడా జేసీబీ కింద పడుతున్నాడు కదా అని ఒక సేఫ్టీ ఆఫీసరు అడిగారు.)

పడతాడండి. ఆపరేటర్ సీట్లోంచి కనబడని చోట నిలబడితే ఏ జాకెట్ అయినా ఒకటే. అక్కడ కావాల్సింది బారికేడ్, రివర్స్ హారన్, ఆపరేటర్‌కి ఎదురుగా కనబడే సిగ్నల్‌మన్, మనుషులకి వేరే దారి. మీరు ఒక పని చేయండి. యంత్రం ఆపి, తాళం తీసి, మేస్త్రీలని ఒక్కొక్కరిని ఆపరేటర్ సీట్లో కూర్చోబెట్టండి. చుట్టూ జాకెట్ వేసిన మనిషిని నడిపించండి. ఎక్కడ మాయమవుతాడో వాళ్లే చూస్తారు. ఆ చోట నేల మీద సున్నం గీత వేయించండి.

(పాత జాకెట్లని ఏం చేయాలని ఒక స్టోర్ ఇన్‌చార్జి అడిగారు.)

గేటు బయట పారేయకండమ్మా. ఎవరో ఒకరు తీసుకెళ్లి రోడ్డు మీద వేసుకుంటారు, లేదా మళ్లీ మీ సైట్‌లోకే వస్తుంది. వీపు మధ్యలో నిలువుగా, టేపుతో సహా కత్తిరించండి. లేబుల్ కోసి రిజిస్టర్‌లో ఆ మనిషి పేరు ఎదురుగా అతికించండి. పాతది చేతికి వచ్చాకే కొత్తది ఇస్తామని పట్టుబట్టకండి, పోగొట్టుకున్నవాడు భయపడి ఉత్త చొక్కాతో లోపలికి వస్తాడు. ముందు కొత్తది తొడిగి పంపండి, లెక్క సాయంత్రం చూసుకోవచ్చు.